కుంచం అడుగున తువ్వాలు: డబ్బు మీద అపోహలు, వాస్తవాలు

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లలో డబ్బు లెక్కలు చెబుతూ తిరుగుతున్నాను. డ్వాక్రా మీటింగు అయ్యాక ఓ అరగంట, జూనియర్ కాలేజీలో లెక్చరర్ రాని పీరియడ్, ఏది దొరికితే అది. 'ఆర్థిక అక్షరాస్యత' అని బ్యానర్ కడితే సగం మంది లేచిపోతారు కాబట్టి కట్టనివ్వను. శ్రీకాకుళానికి మేం పిలుచుకునే సిక్కోలు పేరులోనే సిక్కా, అంటే నాణెం, ఉందని, శిస్తు సంచుల మూతి ఇక్కడే విప్పేవారని మా పెద్దలు ఓ కథ చెప్పేవారు. కథ సంగతెలా ఉన్నా, సిక్కా మీద అపోహలకి మాత్రం మా దగ్గర కొదవ లేదు.

అపోహ: దాచుకున్న డబ్బు ఎక్కడికీ పోదు

నరసన్నపేట దగ్గర ఓ ఊళ్లో ఒక మామ్మ నన్ను నిలదీసింది. "పెట్టిలో ఎట్టి తాళమేసేత్తే ఎక్కడికెలిపోద్ది బాబూ?"

ధాన్యం కొలిచే వాళ్లింటి కుంచమే తెప్పించాను. అడుగున పాత తువ్వాలు మడతపెట్టి, పైన బియ్యం పోసి, అరచేత్తో చదును చేసి ఆమె ముందు పెట్టాను. నిండింది కదా అంటే నిండిందంది. చేటలోకి వంచాను. బియ్యంతో పాటు తువ్వాలూ పడింది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ధాన్యం కుంచాల లెక్కన కూలి తీసుకున్న మనిషి ఆమె. అడుగున గుడ్డ పెట్టే ఆసామి ఎలాంటివాడో ఆమెకి నేను చెప్పక్కర్లేదు.

రూపాయి కూడా కుంచమే, మన కష్టాన్ని కొలిచి దాచుకునే పాత్ర. డబ్బు విలువ సగమవడానికైనా, వడ్డీతో రెట్టింపవడానికైనా ఎన్నేళ్లు పడుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే 72ని ఆ శాతంతో భాగిస్తే చాలు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతుంటే 72ని 6తో భాగించండి, 12 వస్తుంది. పన్నెండేళ్లకి పెట్టెలో లక్ష లక్షలాగే కనిపిస్తుంది, దానికి వచ్చేది మాత్రం ఈనాటి 50 వేల సరుకు. ధరల పెరుగుదలని 4 శాతం దగ్గర, అటూఇటూ 2 శాతం లోపు ఉంచాలని 2016 నుంచి రిజర్వు బ్యాంకుకి చట్టప్రకారం లక్ష్యం ఉంది. ఆ 4 శాతం గురి తప్పకపోయినా 18 ఏళ్లకి రూపాయి విలువ సగమే. దీన్ని దొంగతనమనే ఆర్థికవేత్తలున్నారు. నేనంత దూరం పోను. అడుగున ఎంత గుడ్డ ఉందో కూలి తీసుకునేవాళ్లకి తెలిసి తీరాలంటాను.

ఈ 72 లెక్క తెలిసి కూడా నేనొకసారి మునిగాను. మూడేళ్లలో రెట్టింపు అన్న ఓ కంపెనీలో 50 వేలు పెట్టాను. 72ని 3తో భాగిస్తే 24. ఏటా 24 శాతం ఖాయంగా ఇచ్చే వ్యాపారం ఏదని ఎవరడిగినా చెప్పేవాణ్ణే, కానీ ఏజెంటు మా బావమరిది. డబ్బు ఈరోజుకీ రాలేదు. బావమరిది కూడా రావడం మానేశాడు.

అపోహ: ప్రతి నోటు వెనకా అంత బంగారం ఉంటుంది

ఉండదు. 1957 నుంచి మనది కనీస నిల్వ పద్ధతి. నోట్ల జారీకి 200 కోట్ల నిల్వ ఉంటే చాలు, అందులో బంగారం 115 కోట్లు. చలామణిలో ఉన్న నోట్లేమో 30 లక్షల కోట్లు దాటాయి. రిజర్వు బ్యాంకు దగ్గర ఆ 115 కోట్ల కంటే ఎన్నో రెట్లు బంగారం ఉన్నమాట నిజమే గానీ, నోటు పట్టుకెళ్లి బంగారం ఇమ్మంటే ఇవ్వరు. వంద నోటు మీద గవర్నరు చెల్లిస్తానని మాటిచ్చింది మళ్లీ నోట్లూ నాణేలే. ఎక్కడైనా రూపాయి నోటు దొరికితే చూడండి, దాని మీద ఆ మాట కూడా ఉండదు. సంతకం కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శిది.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకి బంగారం ఇవ్వడం ఆపేశాక లోకమంతా ఇదే తీరు. అచ్చువేసేవాళ్లు చెయ్యి అదుపులో పెట్టుకున్నన్నాళ్లే నోటు నిలబడుతుంది.

అపోహ: అందరికీ నోట్లు అచ్చువేసి పంచితే పేదరికం పోతుంది

ఎడాపెడా నోట్లు అచ్చువేసిన జర్మనీలో 1923 నవంబరుకి ఒక్క అమెరికా డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. అదే దారి పట్టిన జింబాబ్వే 2009లో వేసిన పెద్ద నోటు కోటి కోట్ల జింబాబ్వే డాలర్లు. అంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: బంగారం ఉంటే మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు

మన ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గంగుల బంగారు నాణేలు, ఫణాలంటారు, నంది బొమ్మతో చింతగింజంత కూడా ఉండవు, ఇప్పటికీ బంగారమే. అక్కడి వరకు బంగారం పక్షాన నేనూ ఉన్నాను. కానీ నగ రూపంలో కొంటే తరుగు, మజూరీ పోగా మిగిలింది చూసుకోవాలి. పది గ్రాములు 2012లో 31 వేల ఆసుపాసుల్లో ఉంటే 2018లోనూ అక్కడే ఉంది. ఆరేళ్లు కదలని సరుకుని పట్టుకుని పిల్ల చదువు గట్టెక్కించడం కష్టం.

ఇంకోటి చాలామంది మరిచిపోయారు. 1963లో కొత్త నగ 14 క్యారెట్లు మించకూడదని నిబంధన పెట్టారు. ఆ దెబ్బకి పని పోయిన కంసాలి కుటుంబాలెన్నో. 1968 చట్టం వచ్చాక మామూలు మనిషి దగ్గర బిస్కెట్టు ఉంటే నేరం. 1990లో గానీ ఆ చట్టం పోలేదు. ఎంత మంచి లోహమైనా, దాన్ని ఉంచుకునే హక్కు కాగితం మీదే ఉంటుంది.

అపోహ: ఐదు రూపాయల వడ్డీ అంటే ఐదు శాతమేగా

నన్నడిగితే అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. మనూళ్ల లెక్కలో అది నూటికి నెలకి ఐదు, అంటే ఏడాదికి 60 శాతం. బ్యాంకు బోర్డు మీద రాసేది ఏడాది లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి బ్యాంకే ఎక్కువ తీసుకుంటోందని వాదించినవాళ్లు నాకు తగిలారు.

రణస్థలం తీరంలో ఒక కుర్రాడు గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల బోట్ల మీద పనికి వెళ్లివస్తుంటాడు. ఇంటి కప్పు కోసం, బోట్లకి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ దగ్గర 40 వేలు తెచ్చాడు, ఐదు రూపాయల వడ్డీ. అక్కడ వేరే బోటులో తిండీ బాగుంటుందట, జీతమూ ఎక్కువట. "మరి మారొచ్చు గదా నాయనా?" అన్నాను. "బాకీ తీరకుండా ఎలాగెల్తానండి?" అన్నాడు. సంకెళ్లేమీ లేవు, తాళమూ లేదు.

వడ్డీ లెక్క ఫోనులో కొట్టమన్నాను. నెలకి 2,000. ఎనిమిది నెలల సీజనుకి 16,000. అదే నూటికి రూపాయి వడ్డీ డ్వాక్రా సంఘం అప్పయితే నెలకి 400. తప్పు నొక్కాననుకున్నాడేమో, చెరిపేసి మళ్లీ కొట్టాడు. అదే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లావిడ లోపలికెళ్లి సంఘం పాసుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.