గ్లాసులో నవ్వే పళ్ల గురించి

పిల్లలూ,

మొన్న మీరొచ్చినప్పుడు గ్లాసులో నవ్వుతున్న నా పళ్లసెట్టు చూసి ఒకరు కెవ్వుమన్నారు, మరొకరు పడీపడీ నవ్వారు. ఇప్పుడు మీ ఇద్దరికీ ప్లేట్లు వచ్చాయట! ఒకరికి వంకర పళ్లు సరిచేసేది, ఇంకొకరికి క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ కదలకుండా ఇచ్చిన రిటైనర్. అంటే మనం ముగ్గురం ఒకే క్లాసు. నేను సీనియర్ని కాబట్టి కాస్త వినాలి.

ముందు నా ఘనకార్యం. సెట్టు పెట్టించుకున్న కొత్తలో, శుభ్రమంటే మరగబెట్టడమే అనుకుని పొగలు కక్కే నీళ్లలో వేశాను. తీసి చూస్తే ఏ తేడా కనిపించలేదు. నోట్లో పెట్టుకుంటే మాత్రం ఒక పక్క కొరికితే రెండో పక్క లేచేది, కాళ్లు సమంగా లేని పీటలా. అది యాక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్. వేడికి వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా అంగిలికి అతకదు. చివరికి కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. అద్దంలా ఉండే పల్చటి రిటైనర్లు వేడికి ఇంకా తొందరగా ముడుచుకుంటాయి. అందుకే చన్నీళ్లే వాడండి.

పేస్టు కూడా వద్దు. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టిది, పేస్టులోని గరుకును తట్టుకుంటుంది. యాక్రిలిక్ తట్టుకోలేదు. దానిమీద సన్నటి గీతలు పడతాయి, ఆ గీతల్లో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఘాటు లేని లిక్విడ్ సోపు ఒక చుక్క, దానికంటూ వేరే మెత్తటి బ్రష్షు చాలు. అందరూ బయటికి కనిపించే వైపే రుద్దుతారు. అసలు పాచి ఉండేది అంగిలికి తగిలే లోపలి వైపు, తీగ ప్లాస్టిక్‌లోకి దూరే మూలల్లో. వేలితో తడిమి చూడండి, జిగురుగా తగిలితే ఇంకా పోలేదన్నమాట. గార కట్టి గట్టిపడితే పిన్నులతో గీకకండి, డాక్టరుకే చూపించండి. కడిగేటప్పుడు సింకులో నీళ్లు నింపుకోండి. చేయి జారినా నీళ్లలోనే పడుతుంది.

నోట్లో లేనప్పుడు నాది నీళ్లలోనే ఉండాలి, ఎండిపోతే ఆకారం మారుతుంది. రాత్రి తీసేయాలి కూడా. తీయకపోతే దాని కింద ఫంగస్ చేరి అంగిలి ఎర్రబడుతుంది. మీ సంగతి తిరగబడి ఉంటుంది, రిటైనర్ చాలామందికి రాత్రిపూటే పెట్టుకోమంటారు. అక్కడ నన్ను చూసి నేర్చుకోకండి, మీ డాక్టరు చెప్పినట్టు చేయండి.

ఇది కొత్త గొడవేం కాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కీ కట్టుడు పళ్లే. చెక్కవని చెప్పుకుంటారు గానీ కాదు, జంతువుల దంతం, మనుషుల పళ్లు, లోహంతో చేసినవి. 1798లో ఆయన పంపిన సెట్టు నల్లగా మారి ఉండటం చూసి దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్, ఇది పోర్ట్ వైన్ పనేనని ఉత్తరం రాశాడు. భోజనం అయ్యాక తీసి మంచినీళ్లలో వేయమన్నాడు, లేదంటే మెత్తటి సుద్దపొడితో తోమమన్నాడు. అంతటి మనిషికీ పళ్ల డాక్టరు చేతిలో చీవాట్లు తప్పలేదు! మీరైతే ప్లేటు నోట్లో ఉండగా కూల్‌డ్రింకులు తాగకండి. ఆ తీపి దాని కిందే నిలిచి పళ్లను తినేస్తుంది.

అన్నట్టు, తినేముందు తీసి టిష్యూలో చుట్టి పక్కన పెట్టకండి. అది నేరుగా చెత్తబుట్టలోకే పోతుంది. కుక్క ఉన్న ఇంట్లో అయితే కుక్క నోట్లోకి పోతుంది.

ఈసారి వచ్చేటప్పుడు మీ ప్లేట్లు పెట్టుకునే డబ్బాలు తెచ్చుకోండి. అద్దం పక్కన చోటు ఖాళీ చేశాను. గ్లాసు మాత్రం నాదే.

మీ తాతయ్య