పక్కింటి కుక్క మొరుగుడు: అపోహలు, వాస్తవాలు

కుక్కను వెంటబెట్టుకోకుండా మా క్లినిక్‌కి వచ్చే మనిషిని చూడగానే నాకు విషయం సగం అర్థమైపోతుంది. కళ్లు ఎర్రగా ఉంటాయి. గొంతు తగ్గించి అడుగుతారు: "డాక్టరు గారూ, పక్కింటివాళ్ల కుక్క రాత్రంతా మొరుగుతోందండి. అన్నంలో కలిపి పెట్టడానికి మత్తుమందు ఏమైనా రాసిస్తారా?"

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. ఈ ప్రశ్న పోయిన వారం మళ్లీ విన్నాను. మందు రాయను. కుక్కను చూడకుండా, పెంచుకునేవాళ్లకు తెలియకుండా మత్తు ఇవ్వడం ప్రమాదం. మోతాదు ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు. అయితే అడిగినవాళ్లను తిట్టి పంపించను. నెలల తరబడి నిద్ర లేని మనిషి ఎలా ఉంటాడో దగ్గరనుంచి చూశాను.

అపోహ: "కుక్క అన్నాక మొరగదా? అది దాని బుద్ధి."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. పెంచుకునేవాళ్లు ఈ మాట చెప్పి తలుపు వేసుకుంటారు. పక్కింటివాళ్లూ ఇదే నమ్మి ఆశ వదిలేసుకుంటారు. ఆ తర్వాత కొందరు ఇల్లు మారతారు, కొందరు మాటలు మానేస్తారు, ఒకరిద్దరు విషం దాకా వెళ్తారు.

కుక్క మొరగడం సహజమే. గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే మొరుగుతుంది, ఇంట్లోవాళ్లు వచ్చి చూస్తే ఊరుకుంటుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా గంటల తరబడి ఒకే తీరుగా మొరుగుతోందంటే మాత్రం దానికి ఏదో కష్టం ఉందని అర్థం. ఒంటరితనం కావచ్చు, భయం, దాహం, ఎండ, చెవిలో చీము, కీళ్ల నొప్పి, ఏదైనా కావచ్చు. కారణం కనిపెడితే చాలావరకు తగ్గుతుంది. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఇన్నేళ్లుగా నా బల్ల మీద చూస్తున్నదే.

ఇక గొలుసు సంగతి. కట్టేసి ఉంచితే కాపలా బాగా కాస్తుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. అసలు జరిగేది వేరు. భయపడిన కుక్క అక్కడి నుంచి తప్పుకోవాలి, లేదా భయపెట్టినదాన్ని తరిమెయ్యాలి. గొలుసు ఉంటే తప్పుకోలేదు. ఉదయం పాలబ్బాయి వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను ప్యాకెట్ పెట్టి వెళ్లిపోతాడు. పని అయిపోయి వెళ్లాడు పాపం, కానీ కుక్క లెక్కలో తన అరుపుకే పారిపోయాడు. పేపరు, గ్యాస్ సిలిండర్, చెత్తబండి, స్కూల్ ఆటో, ఇలా రోజుకు పదిహేను సార్లు మొరగడం పనిచేస్తుందని నేర్చుకుంటుంది. ఏడాది తిరిగేసరికి ఆకు కదిలినా మొరుగుతుంది. ఇరవై నాలుగు గంటలూ మొరిగే కుక్కను ఇంట్లోవాళ్లే పట్టించుకోవడం మానేస్తారు. రేపు నిజంగా దొంగ వచ్చినా లేచి లైటు వేసేవాళ్లు ఉండరు.

నాలుగేళ్ల కిందట సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, అదే మత్తుమందు కోసం. ఆయన భార్యకు గుండె ఆపరేషన్ అయి రెండు నెలలైంది. పక్క మేడ మీద లాబ్రడార్ రాత్రి పదకొండుకు మొదలుపెడితే తెల్లవారుజామున మూడింటి దాకా ఆగేది కాదు. "ఆవిడ ఉలిక్కిపడి లేస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటోందండీ" అని చెబుతూ ఏడ్చేశారు. మందు ఇవ్వలేను గానీ నేనే వచ్చి చూస్తానన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి పక్కింటికి వెళ్లాం.

మేడ మీద నాలుగడుగుల గొలుసు. నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంది. సిమెంటు రేకు కింద కుక్క నిలబడి ఉంది, కూర్చోవడానికి తడిలేని చోటు లేక. ఎడమ చెవి వాచిపోయి చీము కారుతోంది. ఇంటావిడ నా మొహం చూడలేక చెప్పారు: "కరోనా టైములో మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చాడు డాక్టరు గారూ. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మా ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, మెట్లెక్కలేరు. నేను రోజుకు ఒక్కసారి ఎక్కి అన్నం పెట్టి వస్తున్నాను." ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఆ కుక్క ఆవిడ మోయలేని బరువు. నేను చూసిన ఇలాంటి ఇళ్లలో ఎక్కువ వాటి కథ ఇదే: తెచ్చినవాళ్లు వెళ్లిపోతారు, ముసలివాళ్ల మీద పడుతుంది.

కుక్కను కింద వరండాలోకి దించాం. చెవికి మూడు వారాలు మందు వేశాం. వీధి కనిపించకుండా గేటుకు రేకు కొట్టించారు. పొద్దున, సాయంత్రం అరగంట నడిపించడానికి పక్క సందులో డిగ్రీ చదివే అబ్బాయి ఒప్పుకున్నాడు. మొదటి వారం పెద్ద మార్పు లేదు, మాస్టారు రోజూ ఫోన్ చేశారు. నెల తిరిగేసరికి రాత్రి మొరుగుడు దాదాపు ఆగింది. సిలిండర్ బండి వస్తే ఇప్పటికీ మొరుగుతుంది. దానికి ఆ మాత్రం హక్కుంది.

కాబట్టి పక్కింటికి వెళ్లేటప్పుడు రాత్రి పన్నెండింటికి, కోపంలో వెళ్లకండి. వారం రోజులు ఏ టైముకు మొదలై ఎప్పుడు ఆగుతోందో కాగితం మీద రాయండి. మీ ఇంట్లోంచే ఫోన్‌లో రికార్డు చేయండి. పగటిపూట తీరిగ్గా వెళ్లి "వదినగారూ, మీ టామీకి ఒంట్లో బాగాలేదేమో, రాత్రి రెండింటిదాకా అరుస్తూనే ఉంది" అని మొదలుపెట్టండి. మీ కుక్క వల్ల మాకు చావొచ్చిందన్నారంటే వాళ్లు కుక్కను వదిలి మీతో పోట్లాడతారు. డాక్టరుకు చూపించమని చెప్పండి. ముసలి కుక్కయితే మరీ చెప్పండి. వినికిడి తగ్గి, మతిమరుపు వచ్చిన ముసలి కుక్కలు రాత్రిళ్లు దిక్కు తెలియక అరుస్తాయి, వాటికీ వైద్యం ఉంది. ఖర్చు సంగతి భయమైతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లొచ్చు.

మనకు తెలియకుండా మనమే పెంచే తప్పులు రెండున్నాయి. కిటికీలోంచి "ఏయ్, నోర్ముయ్" అని అరిస్తే, తనతో పాటు ఇంకో గొంతు కలిసిందని కుక్క ఇంకా రెచ్చిపోతుంది. ఊరుకుంటుందని గోడ మీదుగా బిస్కెట్ విసిరితే, మొరిగితే బిస్కెట్ వస్తుందని నేర్పినట్టే.

అపోహ: "మొరిగే కుక్క కరవదు."

ఈ సామెతను నమ్మకండి. మా ఊళ్లో, తెనాలి దగ్గర, ఎదురింటివాళ్ల కుక్క పగలంతా గొలుసుకు కట్టేసి మొరుగుతూ ఉండేది. అందరూ ఈ సామెతే చెప్పేవారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు బంతి కోసం లోపలికి వెళ్తే మోకాలి కింద పట్టుకుంది. మచ్చ ఇప్పటికీ ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్నాను. ఆ రోజుల్ని గుర్తుపెట్టుకుని ఇప్పటికీ కొందరు ఆసుపత్రికి వెళ్లడానికి భయపడతారు. ఆ పాత టీకా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు టీకా చేతికి నాలుగైదు డోసులే. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గాయానికి కారం, సున్నం రాయొద్దు.

అపోహ: "కుక్క ఏడిస్తే ఇంట్లో చావు."

మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ భయం ఎంత నలిపేస్తుందో నాకు తెలుసు. అర్ధరాత్రి నాకు ఫోన్లు వస్తాయి. కుక్కలు దూరంగా ఉన్న వేరే కుక్కల్ని పిలవడానికి అలా ఊళ వేస్తాయి. అంబులెన్స్ సైరన్ విన్నా అందుకుంటాయి. మీ ఇంట్లో మనిషికీ దానికీ సంబంధం లేదు, ధైర్యంగా పడుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గేటు ముందు ఎరుపు, నీలం నీళ్ల సీసాలు పెడితే కుక్కలు దగ్గరికి రావన్నది నిజం కాదు. కుక్క కంటికి ఎరుపు సరిగ్గా కనిపించనే కనిపించదు. కారం అన్నం పెడితే రోషం రాదు, కడుపు పాడవుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కాపలా మానేస్తుందన్నదీ, మొరగడం మానేస్తుందన్నదీ రెండూ తప్పే. గొంతు ఆపరేషన్ చేసినా మొరగడం ఆగదు, గొంతు బొంగురుపోతుంది, లోపలి కష్టం అలాగే ఉంటుంది. నేను చేయను.

అపోహ: "చట్టంలో ఏమీ లేదు" అని కొందరు, "ఒక్క ఫిర్యాదు ఇస్తే కుక్కను పట్టుకుపోతారు" అని కొందరు.

వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి దెబ్బతినేవాళ్లు ఇక్కడే ఎక్కువ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను ఎప్పుడూ కట్టేసి, తిప్పకుండా ఉంచడం నేరం. తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. కానీ మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు మాత్రమే. చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటినా ఆ పై పరిమితి యాభై దాటలేదు, నాకు ఇది చాలా బాధ. అటువైపు, విసిగిపోయి విషం పెట్టిన మనిషికి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. నిద్ర లేక తప్పు నిర్ణయం తీసుకోకండి, బాధితులు కాస్తా నిందితులవుతారు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేసి కుక్కను ఖాళీ చేయించడమూ కుదరదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదు. అయితే రాత్రిపూట కుక్క పక్కవాళ్లను ఇబ్బంది పెట్టకుండా చూసుకునే బాధ్యత పెంచేవాళ్లదేనని కూడా అందులోనే ఉంది. సెక్రటరీ చేత ఆ మాట చెప్పించండి. అయినా వినకపోతే, మీరు రాసుకున్న టైములు, రికార్డింగులు పట్టుకుని పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఇవ్వండి. "గోల చేస్తోంది" అని ఒక్క ముక్క రాయకుండా నీళ్లు లేవని, గొలుసు విప్పడం లేదని కూడా రాయండి.

చివరిగా ఒక్కటి, ఎండాకాలం కోసం. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం మేడ మీద పాదం పెట్టలేం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. రోజూ మొరిగే పక్కమేడ కుక్క అలాంటి మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోతే, హమ్మయ్య అనుకుని పడుకోకండి. వెళ్లి తలుపు కొట్టండి. దాన్ని నీడలోకి దించి, ఒంటి మీద, పొట్ట కింద, పాదాల మీద నీళ్లు పోయండి. ట్యాంకు నీళ్లు ఆ టైములో కాగుతుంటాయి, వంటింట్లో బిందెలోవి తీసుకోండి. ఫ్యాను పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. ఆటో పిలిచి, తడిపిన దుప్పటి మీద పడుకోబెట్టి వెంటనే దగ్గర్లో ఉన్న పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.