తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయంటే లుకేమియా లేదనేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: లుకేమియా (రక్త క్యాన్సర్) ఉంటే తెల్లకణాలు విపరీతంగా పెరిగి తీరాలి.

వాస్తవం: పెద్దవారిలో మైక్రోలీటరు రక్తానికి 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలు ఉండటం మామూలు. తీవ్ర (అక్యూట్, అంటే వేగంగా ముదిరే) లుకేమియాతో వచ్చినవారిలో ఈ సంఖ్య లక్ష దాటినవారూ ఉంటారు, 2,000కు పడిపోయినవారూ ఉంటారు. ఎముక మూలుగ నిండా బ్లాస్ట్ కణాలు (పరిపక్వం కాని రక్తకణాలు) పేరుకున్నా అవి రక్తంలోకి అంతగా రాకపోవచ్చు. అందుకే రిపోర్టులో తెల్లకణాల వరుస ఒక్కటే చూసి ఊరట చెందకుండా, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు కూడా తగ్గాయేమో చూడాలని, అనుమానం ఉన్న ప్రతిసారీ రక్తపు పూతను (గాజు స్లైడుపై పలుచగా పూసిన రక్తాన్ని) సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలని నేను పదేపదే కోరుతుంటాను.

అపోహ: పిల్లల కాళ్ల నొప్పులు ఎదుగుదల వల్ల వచ్చేవి, లేదంటే కీళ్లవాతం.

వాస్తవం: చాలామంది పిల్లల విషయంలో ఇది నిజమే. అయితే లింఫోసైట్లనే తెల్లకణాల తొలిదశ కణాల నుంచి పుట్టే లింఫోబ్లాస్టిక్ లుకేమియా కొందరు పిల్లల్లో మొదట కుంటుగా, మోకాలి నొప్పిగా, నడుము నొప్పిగా మాత్రమే బయటపడుతుంది. వాపు కొద్దిగానే ఉండి నొప్పి భరించలేనంతగా ఉండటం, రాత్రివేళ నొప్పితో బిడ్డ నిద్రలేవడం, నొప్పి కీలులో కంటే ఎముకలో ఉన్నట్టు తోచడం తేలిగ్గా తీసుకోదగినవి కావు. రక్తపరీక్షలో మరో ఆధారం దొరుకుతుంది. తీవ్రమైన కీళ్లవాతంలో ఇ.ఎస్.ఆర్. (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష)తో పాటు ప్లేట్‌లెట్లు కూడా సాధారణంగా పెరుగుతాయి; ఇ.ఎస్.ఆర్. బాగా పెరిగినా ప్లేట్‌లెట్లు తక్కువగానో, మామూలు పరిధిలో అట్టడుగునో ఉంటే నేను ఆ స్లైడును మళ్లీ అంచు నుంచి అంచు దాకా చూస్తాను. కణం నిండా పరుచుకున్న కేంద్రకం, దాని చుట్టూ సన్నని నీలి అంచు ఉన్న కణాలు నాలుగైదు కనిపించినా మూలుగ పరీక్ష వాయిదా వేయకూడదు.

అపోహ: ముందు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే నష్టం లేదు.

వాస్తవం: నష్టం ఉంది. స్టెరాయిడ్ లింఫోబ్లాస్ట్ కణాలను (లింఫోబ్లాస్టిక్ లుకేమియాలోని బ్లాస్ట్‌లను) చంపుతుంది కాబట్టి నొప్పి, జ్వరం, గ్రంథుల వాపు కొన్ని రోజుల్లోనే తగ్గి, జబ్బు నయమైనట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత తీసిన మూలుగలో బ్లాస్ట్‌లు సరిగా దొరకక నిర్ధారణ చిక్కుల్లో పడుతుంది. కారణం తెలియని కీళ్లనొప్పికి స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే రక్తపు పూతను చూడాలి. అనుమానం మిగిలితే మూలుగ పరీక్ష కూడా ముందే జరగాలి.

అపోహ: చిగుళ్లు, చర్మం, కళ్ల సమస్యలకు రక్తంతో పని లేదు.

వాస్తవం: మోనోసైట్లనే తెల్లకణాల తరహా మైలాయిడ్ లుకేమియా (మరో రకం లుకేమియా)లో చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పేయవచ్చు. చర్మంపై గట్టి కణితులు రావచ్చు. పిల్లల్లో కంటి వెనుక గడ్డ పెరిగి కనుగుడ్డు ముందుకు రావచ్చు. గడ్డ ముక్కను పరీక్షించినప్పుడు మైలాయిడ్ కణాలను గుర్తించే మైలోపెరాక్సిడేజ్ వంటి రంజనాలు (రంగులు) వేయకపోతే దాన్ని లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్)గా పొరబడే ప్రమాదం ఉంది.

అపోహ: అన్ని నివేదికలూ వచ్చాకే చికిత్స మొదలుపెట్టాలి.

వాస్తవం: మైలాయిడ్ లుకేమియాలో ఒక రకమైన ప్రోమైలోసైటిక్ లుకేమియాలో అలా ఆగకూడదు. కొత్తగా కమిలిన మచ్చలు, ఆగని ముక్కు రక్తం, స్లైడులో సూదుల కట్టల్లా ఆవర్ రాడ్లు (కణం లోపలి సన్నని పుల్లల్లాంటివి) ఉన్న కణాలు కలిసి కనిపిస్తే మెదడులో రక్తస్రావం ఎప్పుడైనా జరగవచ్చు. జన్యుపరీక్ష ఫలితం తర్వాత వచ్చినా ఫరవాలేదు. ఈ జబ్బుకు వాడే ట్రెటినాయిన్ అనే మందు మాత్రం అనుమానం కలిగిన ఆ రోజే మొదలవ్వాలి.