చిరిగిన పేజీకి టేపు ఎందుకు వద్దన్నానంటే

పిల్లలూ,

మొన్న చిట్టి అడిగింది: "తాతయ్యా, చిరిగిన పేజీకి సెల్లోటేపు వేస్తే చక్కగా అతుక్కుంది కదా, నువ్వెందుకు అంత టెన్షన్ పడ్డావు?" అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

పుస్తకాన్ని తలుపు అనుకోండి. అట్ట తలుపు రెక్క, లోపలి కాగితాల కట్ట గుమ్మం, రెండింటినీ కలుపుతూ లోపల అతికించిన గుడ్డే బందు. తలుపును ఎన్నిసార్లు తీసి వేసినా రెక్కకు ఏమీ కాదు, బందులే వదులవుతాయి. పుస్తకం కూడా ముందు అట్ట మడత పడే చోటే చిరుగుతుంది. బందు వదులైందని రెక్కను మేకులతో గుమ్మానికి కొట్టేస్తే ఊగడం ఆగుతుంది కానీ తలుపు ఇక తెరుచుకోదు, ఊడిన అట్ట లోపల బంక కుమ్మరిస్తే జరిగేదీ అదే. అలమారలోంచి పుస్తకం తీసేటప్పుడు వెన్ను పైఅంచుకు వేలు తగిలించి లాగుతారే, అది తలుపు పైమూల పట్టుకుని వేలాడటం లాంటిది. పక్క పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, కావలసినదాన్ని నడుం దగ్గర పట్టుకుని తీయండి. ఇంకా చెప్పాలంటే 300 పేజీల పుస్తకంలో 150 కాగితాలుంటాయి, అందులో ప్రతి కాగితమూ ఒక తలుపే, దారమే దానికి బందు!

మీ వయసులో నేనూ చిట్టి చేసిన పనే చేశాను. నాకెంతో ఇష్టమైన బొమ్మల పుస్తకంలో ఒక పేజీ చిరిగితే మురిసిపోతూ టేపు వేశాను. కొన్నేళ్ల తర్వాత తీసి చూస్తే టేపు ఎండి ఊడిపోయింది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకై కూర్చుంది. ఆ మరక ఇప్పటికీ ఉంది. ఆ పుస్తకం తీసుకుని బైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను తిట్టలేదు. సూది మాత్రం చాలా రోజులు ముట్టుకోనివ్వలేదు, కాగితాలు మడవమన్నారు, అంతే. మడత మీద ఎముకతో చేసిన నున్నటి బద్దను రుద్దితే గీత పదునుగా తేలేది, ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టం.

ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. మనం వేసే అతుకు, చిరిగిన పాత కాగితం కంటే బలహీనంగా ఉండాలి. వింతగా ఉంది కదూ? అతుకు గట్టిదైతే మళ్లీ లాగినప్పుడు దాని పక్కన ఉన్న పాత కాగితం చిరుగుతుంది, మెత్తదైతే అతుకే వదులుతుంది, దాన్ని మళ్లీ వేసుకోవచ్చు. అందుకే గోధుమ పిండి జిగురు వాడతారు, తడి తగిలిస్తే అది మెత్తబడి వదులుతుంది. దాన్ని చిక్కగా ఉడికించి, చల్లారాక నీళ్లతో పలచన చేసుకోవాలి. అతుకుకు పలచటి, పొడవు నారల కాగితం కావాలి. జపాన్‌లో కోజో చెట్టు బెరడు నారతో చేసేది అలాంటిదే. దాన్ని కత్తెరతో కోయకూడదు. తడి కుంచెతో గీత గీసి మెల్లగా లాగితే అంచున సన్నటి నూగులాంటి నారలు తేలతాయి, పాత కాగితాన్ని పట్టుకునేవి అవే. అతికించాక పైన బరువు పెట్టి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. పిల్లలకు కష్టమైన పని ఈ ఆగడమే.

1966 నవంబర్ 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలోకి వచ్చేసింది. బురదలో మునిగిన పుస్తకాలను ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకుంటూ బయటికి తెచ్చారు. వాటిని బాగుచేసినవాళ్లు గమనించిన సంగతి ఒకటి నాకు ఎంతో ఇష్టం. దారంతో కుట్టి, జిగురు దాదాపు లేకుండా, మెత్తటి చర్మపత్రం చుట్టిన పాత పుస్తకాలు నీళ్లను బాగా తట్టుకున్నాయట. బిగించి అతికించిన వాటికంటే వదులుగా కుట్టినవే బతికాయన్నమాట.

కుట్టు సంగతి ఉత్తరంలో రాస్తే మీకు అర్థం కాదు, చేతులతోనే తెలియాలి. ముందు ఒక దళసరి పాత పుస్తకం వెన్ను పైనుంచి చూడండి. కాగితాలు చిన్న చిన్న గుత్తులుగా కనిపిస్తే అది కుట్టిన పుస్తకం. ఒక గుత్తి సరిగ్గా మధ్యకు తెరిస్తే దారం కనిపిస్తుంది.

తర్వాత ఒక పెద్ద కాగితం తీసుకుని, ప్రతిసారీ పొడుగువైపును సగం చేస్తూ మూడుసార్లు మడవండి. చివరి మడత ఎడమచేతివైపు, విడి అంచులు కిందికి వచ్చేలా పట్టుకుని, పుస్తకంలా తిప్పుతూ కింది మూలల్లో 1 నుంచి 16 దాకా అంకెలు వేయండి, కోయకండి. ఇప్పుడు మొత్తం విప్పండి. కొన్ని అంకెలు తలకిందులుగా, అన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి. చివరి మడతకు అటూ ఇటూ ఉన్న జంటలను చూడండి, 1 పక్కన 16 ఉంటుంది. మిగతా జంటలను మీరే కూడి, ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య