ముక్కిపోయే కొవ్వు, డిప్రెషన్, ఒక రక్తపరీక్ష

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వాళ్ల చెల్లికి డిప్రెషన్ అని డాక్టరు చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదట. షుగర్‌కు ఉన్నట్టు దీనికీ రక్తపరీక్ష ఉందా, శరీరంలో ఆక్సిజన్ వల్ల జరిగే రసాయన నష్టాన్ని కొలిచే ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ టెస్ట్ చేయిస్తే తేలుతుందా అని ఆమె ప్రశ్న. తేలదు. కానీ ఆ పరీక్ష వెనకున్న రసాయనశాస్త్రం చాలా అందమైనది, తెలుసుకోదగ్గది.

సంక్రాంతి సకినాలు డబ్బాలో ఎక్కువ రోజులుంటే ఒక వాసన వస్తుంది. పదో తరగతిలో దాన్ని ‘ముక్కిపోవడం’ అని చెప్పి, చిప్స్ ప్యాకెట్లో నైట్రోజన్ నింపుతారని ఒక ఉదాహరణ ఇచ్చి పాఠం ముగించేస్తాం. సరిగ్గా అదే చర్య మన కణాల పొరల్లోనూ జరుగుతుందని పిల్లలకు చెప్పం. నాకు ఇది పెద్ద లోటుగా అనిపిస్తుంది.

కొవ్వు ఆమ్లంలో రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్‌కు ఉండే హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది. హైడ్రాక్సిల్ లాంటి ఫ్రీ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న, చాలా చురుకైన రసాయన ముక్క) వచ్చి దాన్ని లాగేస్తుంది. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ చేరుతుంది. అలా పుట్టిన పెరాక్సిల్ రాడికల్ పక్క అణువు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, ఆ పక్కది దాని పక్కదాన్నుంచి. విటమిన్ ఈ తన హైడ్రోజన్‌ను ఇచ్చేసి ఈ గొలుసును తెంపుతుంది. విటమిన్ సి మళ్లీ విటమిన్ ఈని పనికి సిద్ధం చేస్తుంది. కొబ్బరినూనెలో ద్విబంధాలు బాగా తక్కువ, అందుకే త్వరగా ముక్కిపోదు. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువగా ఉండే లినోలిక్ ఆమ్లంలో ఇలాంటి బలహీనమైన చోటు ఒకటి. మెదడు పొరల్లో దండిగా ఉండే డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లంలో ఐదు! పైగా శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దాకా తీసుకుంటుంది.

ముక్కిన కొవ్వు విరిగితే మాలాన్‌డయాల్డిహైడ్ వస్తుంది. దాన్ని థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో వేడిచేస్తే గులాబీరంగు తేలుతుంది, 532 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. ఆహారపదార్థాలు ఎంత ముక్కాయో చూడటానికీ ఇదే పద్ధతి. చిక్కేమిటంటే కొన్ని చక్కెరలు కూడా ఆ రంగునిస్తాయి. 1990లో మోరో, రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తల బృందం వెల్లడించిన ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు, ఇవీ కొవ్వు ముక్కినప్పుడు పుట్టే పదార్థాలే, ఇంతకంటే నమ్మదగ్గవి. కానీ రక్తం ట్యూబులో ఉండగానే అవి కొత్తగా తయారవుతాయి, మామూలు ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా. మైనస్ 70లో దాచాలి. మే నెల ఎండలో కూకట్‌పల్లిలో తీసిన శాంపిల్ ల్యాబ్‌కు చేరేసరికి అంకె ఎంత మారుతుందో ఆలోచించండి.

ఇక డిప్రెషన్ సంగతి. 2015లో వచ్చిన ఒక విశ్లేషణ అనేక అధ్యయనాలను కలిపి చూసింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఐసోప్రోస్టేన్లు, డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు వచ్చే 8-ఓహెచ్‌డీజీ సగటున ఎక్కువగా కనిపించాయి. అంటే సంబంధం నిజమే. కానీ సగటు గుంపుకు వర్తిస్తుంది, ఒక్క మనిషికి కాదు. సిగరెట్, ఊబకాయం, షుగర్ కూడా ఇవే అంకెలను పెంచుతాయి. పైగా రక్తంలో కనిపించేది కాలేయం, కండరాలు, కొవ్వు అన్నీ కలిపి వదిలినది. అందులో మెదడు వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

అందుకే నాకు భయం. ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టించే ఇంట్లో, రేపు రిపోర్టు నార్మల్ అని వస్తే ‘చూశావా, ఏమీ లేదు, నటిస్తోంది’ అంటారు. తాయెత్తు ఎంత నష్టం చేస్తుందో ఆ కాగితమూ అంతే చేస్తుంది. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కొనుక్కుని డాక్టరు రాసిన మందు మానేసేవాళ్లదీ అదే దారి.

డాక్టరు రాసే థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు మాత్రం తప్పక చేయించండి. వాటిలో తేడా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి. ఇక డిప్రెషన్‌ను గుర్తించేది కనీసం రెండు వారాలుగా నిద్ర, ఆకలి, ఆసక్తి, ఆలోచనలు ఎలా ఉన్నాయో మనిషితో మాట్లాడి తెలుసుకునే పద్ధతిలోనే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.