కాలిక్యులేటర్ సున్నా అంటుంది, బీజగణితం ఆరో వంతు అంటుంది

ఇంటర్ మొదటి సంవత్సరం అవధుల (లిమిట్స్) పాఠంలో తప్పక ఎదురయ్యే లెక్క (√(9+క) − 3)/క. క సున్నాకు చేరువవుతుంటే దీని విలువ ఎటు పోతుంది? నేరుగా క = 0 పెడితే సున్నా బై సున్నా. "అయితే జవాబు సున్నానే కదా" అనే పిల్లలను కోప్పడకండి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడంతటివాడు కూడా సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అనే రాశాడు.

అంకెలు వేసి చూద్దాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి లెక్క కట్టే ఎనిమిదంకెల కాలిక్యులేటర్ చాలు. తొమ్మిదో అంకె నుంచి వదిలేస్తుందనుకోండి. క = 0.001 అయితే వర్గమూలం 3.0001666. అందులోంచి మూడు తీసేసి కతో భాగిస్తే 0.1666. క = 0.0001 అయితే 0.166. తర్వాత 0.16, ఆ తర్వాత 0.1. క = 0.0000001 దగ్గర ఏకంగా 0! మెట్టు దిగినప్పుడల్లా ఒక అంకె రాలిపోయింది. సున్నాకు దగ్గరైనకొద్దీ బాగుపడాల్సిన జవాబు చెడిపోతోంది.

దోషం వర్గమూలానిది కాదు, తీసివేతది. పదేసి కిలోల చొప్పున చూపే ధర్మకాంటా మీద మిర్చి లారీ ఎక్కింది, 18,430 కిలోలు. పిడికెడు మిర్చి తీసి మళ్లీ తూచినా అదే 18,430. తేడా సున్నా కాబట్టి పిడికెడు మిర్చికి బరువే లేదందామా? కాంటాకున్న శక్తంతా లారీని మోయడానికే సరిపోయింది. మన లెక్కలో లారీ 3, పిడికెడు మిర్చి ఆ చివరి అంకెలు. కాలిక్యులేటర్‌కున్న ఎనిమిది అంకెలనూ 3.0000000 తినేసింది.

లారీని కాంటా ఎక్కకముందే, కాగితం మీదే దింపేయాలి. లవాన్నీ హారాన్నీ √(9+క) + 3తో, అంటే మధ్య గుర్తు మార్చిన జోడీ అయిన సంయుగ్మంతో గుణించండి. లవం (9+క) − 9 అవుతుంది. తొమ్మిదికి తొమ్మిది పోయింది, ఒక్క అంకె కూడా నష్టం లేకుండా. మిగిలింది క. అవధిలో క సున్నాకు చేరువవుతుందే గానీ సున్నా కాదు, కాబట్టి పైనా కిందా కొట్టేయవచ్చు. చివరికి 1/(√(9+క) + 3). అదే కాలిక్యులేటర్లో, అదే 0.0000001కి ఇప్పుడు 1/(3+3) = 0.1666666 వస్తుంది. తీసివేత కూడిక అయింది, అంతే తేడా.

కోచింగుల్లో ముందే లోపిటాల్ నియమం (లవానికీ హారానికీ విడివిడిగా అవకలజం, అంటే మార్పు రేటు, కట్టి భాగించడం) నేర్పేస్తున్నారు. దాంతో రెండు వరుసల్లో 1/6 వస్తుంది, నిజమే. కానీ వర్గమూలానికి అవకలజాన్ని నిర్వచనం నుంచి రాబట్టేది ఈ సంయుగ్మంతోనే. అసలు ఈ అవధే 9 దగ్గర √ అవకలజం. నేర్పే వరుస తలకిందులైతే పిల్లవాడికి దక్కేది సూత్రమే, కారణం కాదు.

ఘనమూలం దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. (∛(8+క) − 2)/కను ∛(8+క) + 2తో గుణిస్తే లవంలో ∛(8+క)² − 4 వస్తుంది, క = 0 పెడితే మళ్లీ సున్నానే. ఘనాల భేదం కావాలంటే గుణకంలో మూడు పదాలుండాలి: ∛(8+క)² + 2∛(8+క) + 4. క సున్నాకు పోతే ఇది 4+4+4, జవాబు 1/12.

క రుణ అనంతానికి పోయేటప్పుడు √(క²+క) + కలో ఇంకో గోతి ఉంది. సంయుగ్మంతో గుణించి భాగిస్తే ఇది క/(√(క²+క) − క) అవుతుంది. √క² అంటే క కాదు, |క|. ఇక్కడ అది −క. ఇది మరిచి క రాస్తే హారం సున్నా అయి లెక్క చెడుతుంది. సరైన జవాబు −1/2. అనుమానముంటే క = −100 వేయండి: 99.4987 − 100 = −0.5013. గుర్తు తప్పు అక్కడే దొరికిపోతుంది.

ఈ లారీ అవధుల్లోనే కాదు, వర్గ సమీకరణంలోనూ ఎక్కుతుంది. క² − 10000క + 1 = 0కి చిన్న మూలం (10000 − √99999996)/2. ఎనిమిదంకెల్లో వర్గమూలం 9999.9997, కాబట్టి జవాబు 0.00015. అసలు విలువ 0.0001కి దగ్గరదగ్గర, అంటే సగం ఎక్కువ చూపించింది. సంయుగ్మంతో తిరగేసి 2/(10000 + 9999.9997) అని వేస్తే అదే కాలిక్యులేటర్ 0.0001 చూపిస్తుంది.