హార్డ్ డిస్క్ అడ్డంగానా, నిలువుగానా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పిన్ని ఇంటికి వెళ్లేసరికి తమ్ముడు కంప్యూటర్ కేబినెట్ విప్పి టెన్షన్‌గా కూర్చున్నాడు. ఫైళ్లు కాపీ అవుతూ మధ్యలో ఆగిపోతున్నాయట. లోపల చూస్తే హార్డ్ డిస్క్ అడుగున స్పాంజి ముక్క మీద పడుకుని ఉంది. ఒక్క స్క్రూ కూడా లేదు.

"చప్పుడు రాకుండా షాపులోనే అలా పెట్టారన్నయ్యా. ఇప్పుడు అడ్డంగా బిగించాలా, నిలువుగానా? నిలబెడితే తొందరగా పోతుందంటారు కదా?"

నిలబెడితే పోదు. ఆ భయం 1980ల నాటిది. అప్పటి చాలా డిస్కుల్లో, డేటాను చదివి రాసే తలను మోసే చేతిని స్టెప్పర్ మోటారు లెక్కపెట్టి ఇన్ని అంగలని జరిపేది. సరైన ట్రాక్ (డేటా రాసే గుండ్రటి దారి) మీద ఆగిందో లేదో చూసుకునే ఏర్పాటు ఉండేది కాదు. అడ్డంగా ఉంచి ఫార్మాట్ చేసి, తర్వాత నిలబెడితే, చేతి బరువు ఇంకోవైపు లాగి తల కాస్త పక్కన ఆగేది. అందుకే ఎలా వాడతారో అలాగే ఉంచి ఫార్మాట్ చేయమనేవారు. ఇప్పటి డిస్కుల్లో, డేటా ఉండే గుండ్రటి పళ్లేల మీదే ఫ్యాక్టరీలో దారి గుర్తులు రాసి పెడతారు. తల వాటిని చదువుకుంటూ సెకనుకు వేలసార్లు తన చోటు సరిచేసుకుంటుంది. భూమి ఎటు లాగినా ఆ లాగుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని సర్దుకోవడం తేలిక. అడ్డం, నిలువు, తలకిందులు, ఏదైనా పర్వాలేదు.

తల సర్దుకోవడం కష్టమయ్యేది అదురుకు, అంటే కంపనానికి. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు) డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. పళ్లెం అంచు వేగం గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తల తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందమే వేల నానోమీటర్లు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చిన్న పడవలో నిలబడి వల విసిరే జాలరిని చూడండి. వల ముందుకు వెళ్తే పడవ వెనక్కి జరుగుతుంది. డిస్క్ లోపల చెయ్యి ఒక పక్కకు విసురుగా తిరిగినప్పుడు డిస్క్ ఒళ్లు అలాగే రెండో పక్కకు తిరగబోతుంది. కేబినెట్‌కు గట్టిగా బిగించి ఉంటే ఆ విసురును మొత్తం కేబినెట్ బరువు ఆపుతుంది. స్పాంజి మీద ఉంటే డిస్క్ ఊగుతుంది, తల గురి తప్పుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. పైగా స్పాంజి వేడిని బయటికి పోనివ్వదు. చప్పుడు తగ్గించడానికి కేబినెట్‌తో వచ్చే రబ్బరు వాషర్లు చాలు.

అదురుకు డిస్క్ ఎంత సున్నితమో 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ చూపించాడు. నడుస్తున్న డిస్కుల వరస ముందు గట్టిగా అరిచాడు, అవి జవాబివ్వడానికి పట్టే సమయం ఆ క్షణంలో అమాంతం పెరిగింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఏ భంగిమైనా ఒకటే అన్నాను గానీ, నడుస్తుండగా భంగిమ మార్చకూడదు. తిరిగే బొంగరాన్ని వంచబోతే ఎదురుతిరుగుతుంది కదా, పళ్లేలూ అంతే. ఆ బలం ఇరుసు మీద పడుతుంది. స్విచ్ ఆపి, పళ్లేలు ఆగేదాకా అర నిమిషం ఓపిక పట్టాలి.

మూత మీద చిన్న రంధ్రం ఉంటే స్టిక్కర్‌తో మూయొద్దు. లోపలి గాలి ఒత్తిడి బయటితో సమానమయ్యేది దాని గుండానే. దుమ్ము రాకుండా లోపల ఫిల్టర్ ఉంటుంది. కిటికీ ఊచలు తుప్పుపట్టే మన సముద్రపు గాలిలో నేను ఎక్కువ జాగ్రత్తపడేది బయట కనిపించే కనెక్టర్ల గురించే. లోపల గాలికి బదులు హీలియం వాయువు నింపి 2013 నుంచి వస్తున్న డిస్కులకు ఆ రంధ్రం ఉండదు, పూర్తిగా సీల్ చేసేస్తారు.

ముందు ముఖ్యమైన ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, డిస్క్‌ను ముందు ఫ్యాను ఎదురుగా బిగించాం. మూడు స్క్రూలే దొరికాయి. నాలుగోదాని కోసం తమ్ముడు పాత సీడీ డ్రైవ్ విప్పాడు. ఆ స్క్రూ సన్నం, హార్డ్ డిస్క్ రంధ్రంలో వదులుగా ఆడింది. మర్నాడు ద్వారకానగర్ వెళ్లి సరైనది తెచ్చాం. ఆ రాత్రి కాపీ మధ్యలో ఆగలేదు.